పాత ట్రాక్టర్ సాలు చివర తిరగట్లేదా? ముందు బ్రేకులు చూడండి

మన వికారాబాద్, తాండూరు అంటే కంది. తాండూరు కందికి 2022లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఆ సాళ్ల మధ్య కల్టివేటర్ తోలేటప్పుడు పాత ట్రాక్టర్‌తో అసలు తిప్పలు సాలు చివర్లోనే. మలుపు సరిపోక చక్రం మొక్కల మీదికెక్కుతుంది.

అందరూ స్టీరింగ్‌నే తిడతారు. నేను కోడ్ రాసినోణ్ణి, లాజిక్ చెప్తా వినండి. వెనక చక్రాలకి రెండు వేరే బ్రేక్ పెడల్స్ ఎందుకున్నాయి? చిన్న గేరులో నెమ్మదిగా స్టీరింగ్ ఎడమకి తిప్పి, ఎడమ బ్రేక్ ఒక్కటే నొక్కండి. ఆ చక్రం ఆగుతుంది, డిఫరెన్షియల్ వల్ల కుడి చక్రం వేగంగా తిరుగుతుంది. బండి ఉన్నచోటే మలుగుతుంది.

అయితే ముందే డిఫరెన్షియల్ లాక్ తీసెయ్యాలి, కల్టివేటర్ పైకెత్తాలి. ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలిపోయి జారుతుంటే, ముందు వెయిట్లు పెట్టించండి. టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ బుష్‌లు అరిగితే స్టీరింగ్ లూజైపోతుంది, మార్పించండి.

ఖర్చు లేని ఉపాయం ఇంకోటి: పక్క సాలులోకే తిరగొద్దు. రెండు మూడు సాళ్లు వదిలి తిరగండి, వదిలినవి తర్వాత తోలుకోవచ్చు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది. రోడ్డెక్కే ముందు రెండు పెడల్స్ కలిపే లాక్ తప్పకుండా వెయ్యండి. స్పీడులో ఒక్క బ్రేకే పడితే బండి పక్కకి లాగి బోల్తా కొడుతుంది. రెండు బ్రేకులూ సమానంగా పడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. చేనులో లాక్ తియ్యాలి, రోడ్డు మీద వెయ్యాలి. మీ ఇంట్లో ట్రాక్టర్ తోలేవాళ్లకి ఈ మాట ఇవాళే చెప్పండి.