ఆరోగ్య పొదుపు ఖాతా: సద్వినియోగం

1. ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అమెరికాలోని ఆరోగ్య పొదుపు ఖాతా పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• దాని వల్ల కలిగే పన్ను ఆదాను లెక్కకట్టగలుగుతారు.
• ఆ ఖాతా ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి చేయదో చెప్పగలుగుతారు.

2. పరిచయం

బీమా ఉన్నంత మాత్రాన వైద్య ఖర్చంతా బీమా సంస్థే భరించదు. అమెరికాలో చాలా పాలసీలలో ఏడాదికి కొంత మొత్తం వరకు రోగి సొంతంగా చెల్లించాలి. ఆ తరువాతే బీమా సాయం మొదలవుతుంది. ఈ మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు. డిడక్టిబుల్ ఎక్కువగా ఉన్న పాలసీకి ప్రీమియం సాధారణంగా తక్కువ. కాని జబ్బు చేసిన రోజున చేతిలో డబ్బుండాలి. ఆ డబ్బును ముందుగా కూడబెట్టుకోవడానికి ఏర్పడినదే ఆరోగ్య పొదుపు ఖాతా. అక్కడ దీనిని హెచ్‌ఎస్‌ఏ అంటారు. 2003 డిసెంబరులో అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన మెడికేర్ చట్టం ద్వారా ఇది 2004లో అమలులోకి వచ్చింది.

3. అర్హత, పరిమితులు

చట్టం నిర్దేశించిన అధిక డిడక్టిబుల్ పాలసీ ఉన్నవారే ఈ ఖాతాలో డబ్బు వేయగలరు. 2025లో ఒక్కరికే వర్తించే పాలసీకి డిడక్టిబుల్ కనీసం 1,650 డాలర్లు, కుటుంబ పాలసీకి 3,300 డాలర్లు ఉండాలి. ఆ ఏడాది ఖాతాలో వేయగల గరిష్ఠ మొత్తం ఒక్కరికి 4,300, కుటుంబానికి 8,550 డాలర్లు. యజమాని జమచేసేది కూడా ఈ పరిమితిలోకే వస్తుంది. ఈ అంకెలు ఏటా సవరిస్తారు. ఏడాది చివర మిగిలిన సొమ్ము మురిగిపోదు. ఉద్యోగం మారినా ఖాతా మీదే.

4. పన్ను ప్రయోజనం

ప్రయోజనం మూడు దశలలో ఉంటుంది. వేసిన డబ్బుపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. దానిపై వచ్చిన రాబడికి పన్ను లేదు. అర్హత గల వైద్య ఖర్చుకు తీసినప్పుడూ పన్ను లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న సుజాత 22 శాతం శ్లాబులో ఉంది. ఆమె జీతం నుంచి నేరుగా 3,000 డాలర్లు ఖాతాలో జమ అవుతున్నాయి. ఆదాయపు పన్నులో 660 డాలర్లు, సామాజిక భద్రత, మెడికేర్ పన్నులలో 7.65 శాతం చొప్పున 229.50 డాలర్లు, మొత్తం 889.50 డాలర్లు ఆదా. పంటి చికిత్సకు 1,200 డాలర్లు కావాలంటే ఖాతా నుంచి 1,200 తీస్తే చాలు. అదే జీతం నుంచి చెల్లించాలంటే ఆమె సుమారు 1,706 డాలర్లు సంపాదించాలి.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాలు మాత్రం ఈ ఖాతాకు రాష్ట్ర పన్ను మినహాయింపు ఇవ్వవు.

5. వినియోగించుకునే విధానం

మొదట డిడక్టిబుల్‌కు సమానమైన మొత్తాన్ని ఖాతాలో నగదుగా నిలుపుకోవాలి. అంతకు మించినదాన్ని పెట్టుబడిలో ఉంచవచ్చు. చిన్న ఖర్చులను చేతి డబ్బుతో భరించగలిగితే రశీదు దాచుకోండి. ఖాతా తెరిచిన తరువాత అయిన ఖర్చు అయితే ఎన్నేళ్లకైనా ఆ మొత్తం తీసుకోవచ్చు. ఈలోగా ఆ సొమ్ము పెరుగుతుంది.

డాక్టరు ఫీజు, మందులు, కళ్లద్దాలు, దంత చికిత్స అర్హత గల ఖర్చులు. అందం కోసం చేయించుకునే శస్త్రచికిత్స సాధారణంగా కాదు. అర్హత లేని ఖర్చుకు వాడితే 65 ఏళ్లలోపు వారికి ఆదాయపు పన్నుతో పాటు 20 శాతం జరిమానా పడుతుంది. 65 తరువాత జరిమానా ఉండదు, పన్ను మాత్రం ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లు ఒక విషయం గమనించాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటున్న తల్లిదండ్రుల ఆపరేషన్‌కు ఈ ఖాతా సొమ్ము వాడకూడదు. వారు అమెరికా పౌరులు గాని, అక్కడి నివాసులు గాని కాకపోతే ఆ దేశపు పన్ను చట్టం వారిని ఆధారపడినవారిగా గుర్తించదు. కొడుకు పంపిన డబ్బు సదుద్దేశమైనదే కావచ్చు, జరిమానా మాత్రం తప్పదు.

6. పరిమితి

పన్ను తక్కువ కట్టేవారికి ఆదా కూడా తక్కువే. అసలు పొదుపు చేయడానికి మిగులు లేని కుటుంబానికి పెద్ద డిడక్టిబుల్ ప్రమాదం. 1970లలో మొదలైన ర్యాండ్ ఆరోగ్య బీమా ప్రయోగంలో ఒక సంగతి తేలింది: ఖర్చు తామే భరించాల్సి వచ్చినప్పుడు ప్రజలు అనవసర వైద్యాన్నే కాదు, అవసరమైన వైద్యాన్ని కూడా తగ్గించుకున్నారు. కాబట్టి ఖాతాలో నిల్వ పెరగాలని చికిత్స వాయిదా వేయవద్దు. చట్టం నిర్దేశించిన నివారక పరీక్షలకు, టీకాలకు డిడక్టిబుల్ వర్తించదు. వాటిని తప్పక చేయించుకోవాలి.

7. సారాంశం

ఆరోగ్య పొదుపు ఖాతా బీమాకు ప్రత్యామ్నాయం కాదు, బీమా మొదలయ్యే వరకు ఉన్న ఖాళీని పూడ్చే నిధి. ఆ ఖాళీని పూడ్చగల ఆదాయం ఉన్నవారికి అది మంచి సాధనం. లేనివారు ప్రీమియం కొంచెం ఎక్కువైనా తక్కువ డిడక్టిబుల్ గల పాలసీని ఎంచుకోవడం మేలు.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. డిడక్టిబుల్ అంటే ఏమిటి? ప్రీమియంతో దానికి గల సంబంధం తెలపండి.
2. 12 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి జీతం నుంచి 2,000 డాలర్లు ఖాతాలో జమ అయితే మొత్తం పన్ను ఆదా ఎంత?
3. ఈ ఖాతా అందరికీ సమానంగా మేలు చేయదు. చర్చించండి.