డ్యాన్సు బూట్లు కొనే ముందు

స్కూలు వార్షికోత్సవం వస్తోందంటే పిల్లల బూట్ల కోసం నరసరావుపేట బజారుకు వెళ్తాం. కూచిపూడికి, కోలాటానికి ఆ ఖర్చు లేదు, ఒట్టి కాళ్లే చాలు. సినిమా పాటల స్టెప్పులకే ఇదంతా.

సాయంత్రం కొనండి. అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మేజోళ్లు తొడిగి, రెండు కాళ్లకూ వేసి, నిలబెట్టి చూడాలి. పొడవైన వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని పెద్ద సైజు కొనడం మనకు అలవాటే గానీ, వదులు బూట్లతో గెంతితే చీలమండ బెణుకుతుంది.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిన పెద్దలు మాత్రం కోలాటమైనా ఒట్టి కాళ్లతో ఆడవద్దని మా మనవి. బొబ్బ లేచినా వారికి నొప్పి తెలియదు, అది పుండయ్యాకే చూసుకుంటారు. వెనుక పట్టీ ఉన్న మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోండి. ఇంటికి రాగానే అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. బొబ్బ కనిపిస్తే చిదమకుండా ఆసుపత్రికి రండి.