సున్నా ఎక్కడ పెట్టాలి?

రెంటచింతలలో 45 డిగ్రీల ఎండ అని వార్తల్లో వింటాం. పిల్లవాడికి 102 జ్వరమని ఇంట్లో అనుకుంటాం. మొదటిది సెల్సియస్ లెక్క, రెండోది ఫారెన్‌హీట్ లెక్క. ఒకే కొలతలోకి తెస్తే ఆ ఎండ 113 ఫారెన్‌హీట్, ఆ జ్వరం దాదాపు 39 సెల్సియస్.

ఏ ఉష్ణోగ్రతా మానానికైనా రెండు సంగతులు తేలాలి: సున్నా ఎక్కడ? ఒక్కో డిగ్రీ ఎంత? హాలండ్‌లో పరికరాలు తయారుచేసిన డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ 1724లో తన జవాబు ప్రకటించాడు. మంచు, నీరు, నవాసాగరం కలిపితే వచ్చే చలి సున్నా. మంచు కరిగేది 32 దగ్గర. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి 96. ఈ చివరి రెండింటి మధ్య 64 భాగాలున్నాయి. వాటిని సగానికి సగం చేస్తూ పోతే ఆరోసారికి ఒక్క డిగ్రీ తేలుతుంది. గాజుగొట్టానికి చేత్తో గీతలు పెట్టేవాడికి అంతకన్నా సుళువేముంది! తర్వాత నీరు మరిగే స్థానాన్ని 212గా ఖాయం చేసి స్కేలును సవరించారు. దాంతో ఒంటి వేడి 98.6 దగ్గరికి జరిగింది.

స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో నీటినే ఆధారం చేసుకున్నాడు. అయితే మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు! 1744లో ఆయన చనిపోయాక దాన్ని తిరగేశారు. ఆయన పరిశీలన మాత్రం చెక్కుచెదరలేదు: మంచు ఎప్పుడూ ఒకేచోట కరుగుతుంది, నీరు మరిగే స్థానం మాత్రం గాలి పీడనాన్నిబట్టి మారుతుంది.

ఇంకో చిక్కు మిగిలింది. పాదరసం, ఆల్కహాల్ ఒకే తీరుగా వ్యాకోచించవు. రెండు థర్మామీటర్లనూ 0 దగ్గర, 100 దగ్గర సరిచూసి మధ్యలో సమానంగా గీతలు గీసినా, నడిమి ఉష్ణోగ్రతల్లో వాటి లెక్కలు కలవవు. ఏది నిజం? ఏ పదార్థంతోనూ పనిలేని మానం కావాలని 1848లో విలియం థామ్సన్ ప్రతిపాదించాడు. తర్వాత లార్డ్ కెల్విన్ అయినది ఈయనే. ఈ మానం సున్నాను మనిషి ఎంచుకోలేదు. అది ప్రకృతి పెట్టిన హద్దు: మైనస్ 273.15 సెల్సియస్. అంతకన్నా చల్లదనం లేదు. మెట్టు మాత్రం సెల్సియస్ డిగ్రీ అంతే, దాని పేరు కెల్విన్. 2019 మే 20 నుంచి కెల్విన్‌ను నీటితో కాక, బోల్ట్జ్‌మన్ స్థిరాంకమనే మారని విలువతో నిర్వచిస్తున్నారు.

సున్నా మారితే ఏమవుతుందో చూడండి. ఉదయం 20 డిగ్రీలున్నది మధ్యాహ్నానికి 40 అయితే వేడి రెట్టింపైందా? ఫారెన్‌హీట్‌లో అదే 68 నుంచి 104, ఒకటిన్నర రెట్లు. కెల్విన్‌లో 293 నుంచి 313. పెరిగింది సుమారు 7 శాతం. ఈ మూడింట్లో రెట్లు లెక్కకట్టడానికి పనికొచ్చేది కెల్విన్ ఒక్కటే.

సెల్సియస్‌ను 1.8తో గుణించి 32 కలిపితే ఫారెన్‌హీట్ వస్తుంది. మైనస్ 40 దగ్గర రెండూ ఒకటే. తేడాలను మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. భూమి సగటు ఉష్ణోగ్రత 1.5 డిగ్రీల సెల్సియస్ పెరగడమంటే ఫారెన్‌హీట్‌లో 2.7 డిగ్రీలు పెరగడం, 34.7 కాదు. ఆ 32 రెండు సున్నాల మధ్య దూరం. ఒక ఉష్ణోగ్రతలోంచి ఇంకొకటి తీసేసినప్పుడు అది కొట్టుకుపోతుంది.