బ్లాక్‌జాక్: మాటల వెనుక లెక్కలు

మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మనకు చిరపరిచితమే. ఋతుపర్ణుడు రథం మీద నుండే ఒక తాండ్రచెట్టుకు గల ఆకులెన్నో, కాయలెన్నో చెప్పాడు. నలుడు ఆ మాటను ఊరక నమ్మక, చెట్టును కూల్చి లెక్క సరిచూసుకొన్నాడు. ఆ తరువాతనే జూదంలోని మర్మమైన అక్షహృదయాన్ని ఋతుపర్ణుని వద్ద గ్రహించాడు. జూదానికీ గణితానికీ గల బంధుత్వం అంత ప్రాచీనమైనది.

సెలవులలో లాస్ వేగస్ వెళ్ళిన మనవారిలో అనేకులు బ్లాక్‌జాక్ బల్ల వద్ద ఒక్కసారైనా ఆగి ఉంటారు. అక్కడ వినిపించే మాటలలో కొన్ని సులభమైనవి, కొన్ని మోసపుచ్చేవి.

ఆట లక్ష్యం ఒక్కటే: ముక్కల మొత్తం 21 దాటకుండా డీలరును మించడం. ఇస్పేటు, ఆఠీను భేదం లేదు. రాజు, రాణి, జాకీలకు విలువ 10. ఆసుకు 1 లేదా 11. మొదటి రెండు ముక్కలు ఆసు, పది విలువ గలది అయితే అదే ‘బ్లాక్‌జాక్’. ఒక పేకతో ఆడితే ఇది సుమారు 21 ఆటలకు ఒకసారి వస్తుంది.

‘హిట్’ అంటే మరొక ముక్క కోరడం. ‘స్టాండ్’ అంటే ఇక చాలుననడం. మొత్తాలు సమానమైతే ‘పుష్’: పందెం తిరిగి వస్తుంది. పందెం రెట్టింపు చేసి ఒకే ఒక్క ముక్క తీసుకోవడం ‘డబుల్ డౌన్’. సమానమైన రెండు ముక్కలను విడదీసి, మరొక పందెం కట్టి, రెండు ఆటలుగా ఆడడం ‘స్ప్లిట్’. ఆసును 11గా లెక్కించగలిగిన మొత్తం ‘సాఫ్ట్’. అట్లా కానిది ‘హార్డ్’. హార్డ్ 16 మీద హిట్ అంటే 13 రకాల ముక్కలలో 8 రకాలు మనలను 21 దాటిస్తాయి. దాటితే ‘బస్ట్’, పందెం పోయినట్లే.

డీలరుకు స్వేచ్ఛ లేదు. 16 వరకు ముక్క తీయాలి, 17 వద్ద ఆగాలి. కొన్ని బల్లల వద్ద సాఫ్ట్ 17 మీద కూడా తీస్తాడు. మరి కాసినోకు లాభమెక్కడ? ఆటగాడు ముందు ఆడాలి. అతడు బస్ట్ అయిన తరువాత డీలరు కూడా బస్ట్ కావలసి వచ్చినా, పోయిన పందెం తిరిగి రాదు. ‘హౌస్ ఎడ్జ్’ అనే ఆధిక్యానికి మూలం ఇదే.

మోసపుచ్చే మాటలలో మొదటిది ‘ఇన్సూరెన్స్’. డీలరు ముందు ఆసు కనిపిస్తున్నప్పుడు, మూసి ఉన్న ముక్క పది విలువ గలదని కట్టే వేరొక పందెమిది. గెలిస్తే ఒకటికి రెండు ఇస్తారు. ఒక పేకలో ఆ ఆసు పోగా మిగిలినవి 51 ముక్కలు. పది విలువ గలవి 16. మన ముక్కలను పరిగణించకుండా, డాలరు చొప్పున 51 పందేలు కడితే సగటున వచ్చేది 32, పోయేది 35. బీమా అన్న పేరు విని ధైర్యం తెచ్చుకొన్నవారికి మిగిలేది 3 డాలర్ల నష్టం.

రెండవది బల్ల మీద కనిపించే ‘6:5’. బ్లాక్‌జాక్ వస్తే 10 డాలర్లకు 15 ఇవ్వడం పాత మర్యాద, అనగా 3:2. ఇక్కడ ఇచ్చేది 12. నూరు ఆటలలో ఈ తేడా సగటున 14 డాలర్లకు చేరువవుతుంది.

ఈ లెక్కలకు చరిత్ర ఉన్నది. 1956లో బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్ అనే నలుగురు సాధారణ లెక్క యంత్రాలతో ప్రతి సందర్భానికీ ఉత్తమమైన ఎత్తును గణించారు. అదే నేటి ‘బేసిక్ స్ట్రాటజీ’కి పునాది. ఎడ్వర్డ్ థోర్ప్ ఐబీఎం 704 కంప్యూటరు సహాయంతో, చిన్న ముక్కలు వెళ్ళిపోయి పదులు, ఆసులు మిగిలినప్పుడు ఆధిక్యం ఆటగానికి మారుతుందని చూపి 1962లో గ్రంథం ప్రకటించారు. అదే ‘కార్డ్ కౌంటింగ్’. కాసినోలు పేకల సంఖ్య పెంచి బదులు చెప్పాయి.

బేసిక్ స్ట్రాటజీ ప్రకారం ఆడినా, మంచి నియమాలున్న బల్ల వద్ద కూడా నూటికి సుమారు అర డాలరు కాసినోదే. పోయినదానిని రాబట్టాలని పందెం పెంచితే ఈ నిష్పత్తి మారదు. నష్టం మాత్రం పెరుగుతుంది.

నమ్మకం కుదరకపోతే నలుని మార్గం ఉండనే ఉన్నది. ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టుకొని, చింతగింజలు పందెంగా పెట్టి, ఒక పేకతో ఇన్సూరెన్సు లెక్కను సరిచూడండి. ఆ గింజలు ఎటు చేరతాయో ఓపికగా గమనించిన పిల్లలకు సంభావ్యతా శాస్త్రంలో తొలి పాఠం అక్కడే పూర్తవుతుంది.