ఊరి దారిమీది ప్రమాదములు: పెరిగినవా, తగ్గినవా?

కర్నూలు నుండి వెల్దుర్తి, డోన్ మీదుగా బెంగుళూరుకు పోయే దారికి ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి అని పేరు. పూర్వము దీనినే 7వ నంబరు రహదారి అనేవారు. కర్నూలుకు డోనుకు నడుమ ఈ దారిమీద ఏడేండ్లలోపల మూడు ఘోర ప్రమాదములు జరిగినవి. 2019 మే 11న వెల్దుర్తి వద్ద ఒక ప్రైవేటు బస్సు మోటారుసైకిలును తప్పించబోయి ఎదుటి జీపును ఢీకొన్నది. పెండ్లి నిశ్చయము చేసుకొని ఊరికి తిరిగి పోతున్నవారు 15 మందికి తగ్గకుండా మరణించారు. 2021 ఫిబ్రవరి 14న తెల్లవారుజామున వెల్దుర్తి మండలములోని మాదార్‌పురము వద్ద, మదనపల్లె నుండి అజ్మీరుకు బయలుదేరిన చిన్న బస్సు రోడ్డు నడిమి గట్టును దాటి, అవతలి పక్క లారీని ఢీకొన్నది. 14 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న, ఇంకా తెల్లవారకముందే, చిన్నటేకూరు వద్ద ఒక యువకుడు మోటారుసైకిలు జారి గట్టుకు కొట్టుకొని మరణించాడు. దారిలో పడిఉన్న ఆ బండి మీదికి హైదరాబాదు నుండి బెంగుళూరు పోతున్న బస్సు ఎక్కింది. మంటలు లేచినవి. బస్సులో నిద్రిస్తున్నవారిలో 19 మంది కాలిపోయారు.

ఇటువంటి వార్త విన్నవారు "ప్రమాదాలు మునుపటికంటె పెరిగిపోయినవి" అంటారు. మరుసటి సంవత్సరము అటువంటిది జరగకపోతే "తగ్గినవి" అంటారు. ఈ మాటలు ఎప్పుడు నిజము, ఎప్పుడు కాదు? ఇది కేవలము మాటల తగాదా కాదు. ఏ మలుపును సరిచేయవలె, ఎక్కడ దీపము పెట్టవలె, ఏ దారికి డబ్బు ఖర్చు చేయవలె అనే నిర్ణయము ఈ జవాబు మీదనే ఆధారపడిఉన్నది. లెక్కను తప్పుగా చదివితే ప్రమాదపు చోటు అలాగే మిగిలిపోతుంది. పెద్ద పట్టణములకంటె చిన్న ఊళ్ళలో ఈ పొరపాటు సులభముగా జరుగుతుంది. కారణమేమనగా, అక్కడ అంకెలు చిన్నవి.

గుర్రపు తన్నుల లెక్క

అరుదుగా జరిగే సంఘటనలకు కూడా ఒక క్రమమున్నదని ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ 1837లో సూత్రరూపముగా చూపాడు. దానిని లోకమునకు తెలియజెప్పిన ఉదాహరణ మాత్రము 1898 నాటిది. బోర్ట్‌కీవిచ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు ప్రష్యా దేశపు అశ్వికదళములలో గుర్రము తన్ని మరణించిన సైనికుల లెక్క తీశాడు. 10 దళములు, 20 సంవత్సరములు. అనగా 200 పద్దులు. మొత్తము మరణములు 122. కనుక ఒక దళమునకు ఒక సంవత్సరములో సగటున 0.61 మరణము.

ఆ 200 పద్దులలో 109 చోట్ల ఒక్క మరణము కూడా లేదు. 65 చోట్ల ఒకటి, 22 చోట్ల రెండు, 3 చోట్ల మూడు, ఒకే ఒక చోట నాలుగు. నలుగురు మరణించిన ఆ దళమును చూచినవారు "ఈ సంవత్సరము గుర్రములకు పిచ్చిపట్టింది" అనుకొని ఉండవచ్చు. కాని పాయిజాన్ సూత్రము ప్రకారము లెక్కకడితే రావలసిన సంఖ్యలు వరుసగా సుమారు 109, 66, 20, 4, 1. అసలు లెక్క దాదాపు అంతే వచ్చినది! గుర్రములలో ఏ మార్పు లేకపోయినా, కేవలము యాదృచ్ఛికముగానే, ఒక ఏడు సున్నయు మరొక ఏడు నాలుగును రావచ్చునన్నమాట.

చింతగింజల ప్రయోగము

దీనిని ఏ తరగతి గదిలోనైనా చేసి చూడవచ్చు. నేలమీద సుద్దతో 12 గడులు గీసి, వాటికి 1 నుండి 12 వరకు అంకెలు వేయవలె. 12 కాగితపు చీటీలమీద అవే అంకెలు వ్రాసి ఒక చెంబులో వేయవలె. ఒక విద్యార్థి చూడకుండా చీటీ తీస్తాడు. ఏ అంకె వస్తే ఆ గడిలో ఒక చింతగింజ పెట్టి, చీటీని మరల చెంబులో వేసి కలపవలె. ఇట్లు 60 సార్లు చేయవలె.

గడికి సగటున 5 గింజలు పడవలె. కాని అన్ని గడులలో అయిదేసి పడడము ఎవరికీ కనబడదు. రెండే గింజలున్న గడి ఒకటి, తొమ్మిదో పదో ఉన్న గడి మరొకటి కనబడుతుంది. గడులను ఒక ఊరి 12 సంవత్సరములనీ, గింజలను ప్రమాదములనీ భావిస్తే, రెండు గింజల ఏడు "చాలా తగ్గినవి" అనే వార్త వస్తుంది. పది గింజల ఏడు "రెట్టింపయినవి" అనే వార్త వస్తుంది. చెంబులోని చీటీలు మాత్రము మారలేదు.

చిన్న కొలబద్ద

అట్లయితే నిజమైన మార్పును ఎట్లా గుర్తించుట? ఒక సులభమైన పద్ధతి ఉన్నది. రెండు సంవత్సరముల ప్రమాదముల సంఖ్యలను కూడి, ఆ మొత్తమునకు వర్గమూలము తీసి, దానిని రెట్టింపు చేయవలె. రెండు సంఖ్యల భేదము అంతకంటె ఎక్కువగా ఉంటేనే మార్పు నిజమని అనుమానించవలె. తక్కువైతే అది చీటీల ఆట కావచ్చును.

డోన్ వలెనో మైదుకూరు వలెనో రహదారి మీదనున్న ఒక పట్టణమును ఊహించుకొందాము. అక్కడ ఒక ఏడు 9, మరుసటి ఏడు 16 మరణ ప్రమాదములు జరిగినవి అనుకొందాము. పెరుగుదల నూటికి 78 వంతులు! కాని 9, 16 కలిపితే 25, వర్గమూలము 5, రెట్టింపు 10. భేదము 7 మాత్రమే. కనుక ఈ ఒక్క లెక్కతో ప్రమాదములు పెరిగినవని చెప్పలేము. ఒక పెద్ద ప్రాంతములో 400 నుండి 500కు పెరిగినవి అనుకొందాము. పెరుగుదల నూటికి 25 వంతులే. కాని మొత్తము 900, వర్గమూలము 30, రెట్టింపు 60. భేదము 100. ఇది నిజమైన పెరుగుదల అనవలె. శాతము చూచి భయపడేవారు మొదటిదానికి భయపడతారు. లెక్క తెలిసినవారు రెండవదానికి భయపడతారు.

ఈ కొలబద్దను మృతుల సంఖ్యకు కాక, ప్రమాదముల సంఖ్యకే వాడవలె. చిన్నటేకూరులో ఒక రాత్రి 20 ప్రాణములు పోయినవి. అయినా ఆ ఇరవై మరణములు విడివిడి సంఘటనలు కావు. ఒక బస్సు నిండుగా ఉన్నదా ఖాళీగా ఉన్నదా అనే విషయము ఆ ఏటి మృతుల లెక్కను ఆకాశానికెత్తగలదు, పాతాళానికి దింపగలదు.

దానంతట అదే దిగివచ్చే సంఖ్య

చింతగింజల ఆటకు రెండవ భాగమున్నది. ఎక్కువ గింజలు పడిన మూడు గడులకు ఎర్రసుద్దతో గుర్తుపెట్టి, ఆట మళ్ళీ మొదటినుండి ఆడవలె. ఈసారి ఆ గడులలో చాలవరకు గింజలు తగ్గుతవి. ఎర్రసుద్దకు ఏమీ మహిమ లేదు. తొలిసారి వాటికి అదృష్టము చెడ్డది. రెండవసారి అవి తమ సగటుకు తిరిగివచ్చినవి.

దారిమీద ఇదే జరుగుతుంది. ప్రమాదములు ఎక్కువైన మరుసటి నెలలోనే ఆ చోట వేగనిరోధకము కట్టి, ఏడాది తరువాత "సగానికి తగ్గినవి" అని సంతోషించడము కద్దు. అందులో కొంత నిరోధకము పుణ్యము కావచ్చు. కొంత లెక్క తనంతట తాను దిగిరావడము కావచ్చు. ఇందుకు విరుద్ధముగా, నిజముగా చెడ్డదైన మలుపువద్ద ఒక ఏడు ప్రమాదము జరగకపోతే దానిని మరచిపోవడము ఇంకా హానికరము.

అందుచేతనే మన దేశములో జాతీయ రహదారులమీద ప్రమాదస్థలమును నిర్ణయించడానికి ఒక్క సంవత్సరము చాలదన్నారు. సుమారు 500 మీటర్ల పొడవులో, మూడు సంవత్సరములలో, మరణము గాని తీవ్రగాయము గాని కలిగించిన ప్రమాదములు 5 జరిగినా, లేక 10 మంది మరణించినా దానిని "బ్లాక్ స్పాట్" అంటారు. మూడేండ్ల లెక్క కలిపితే యాదృచ్ఛికము పాలు తగ్గుతుంది.

లెక్కను మార్చే ఇతర సంగతులు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను విభజించారు. కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా ఏర్పడినది. కడప జిల్లా నుండి రాయచోటి, రాజంపేట ప్రాంతములు అన్నమయ్య జిల్లాలోకి పోయినవి. కర్నూలు నుండి కడపకు నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా పోయే 40వ నంబరు రహదారిలో పెద్దభాగము ఇప్పుడు నంద్యాల జిల్లాది. గువ్వలచెరువు కనుమ దాటి రాయచోటి చేరే ముక్క కడప జిల్లా హద్దు దాటిపోయింది. 2021, 2023 సంవత్సరముల జిల్లా లెక్కలను పక్కపక్కన పెడితే ప్రమాదములు ఎంతో తగ్గినట్లు కనబడుతుంది. ఒక్క ప్రాణము కూడా దక్కకుండానే అంకె తగ్గినది!

కరోనా కాలము మరొక ఉదాహరణ. దేశములో 2019లో 1,51,113 మంది రోడ్డు ప్రమాదములలో మరణించారు. 2020లో బండ్లు నిలిచిపోయి ఆ సంఖ్య బాగా తగ్గింది. 2021లో 1,53,972, 2022లో 1,68,491 అయినది. 2020ని మూలముగా తీసుకొన్నవారికి పెరుగుదల విపరీతముగా తోస్తుంది. 2019ని తీసుకొన్నవారికి అంతగా తోచదు.

బండ్ల సంఖ్యనూ మరువరాదు. ఇంగ్లండుకు చెందిన స్మీడ్ 1949లో, 20 దేశముల 1938 నాటి లెక్కలు చూచి, బండ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్క బండికి వచ్చే మరణముల పాలు తగ్గుతుందనీ, మొత్తము మరణములు మాత్రము పెరుగుతవనీ కనుగొన్నాడు. అయితే ఇది తలవ్రాత కాదు. 1970 తరువాత అనేక దేశములలో బండ్లు పెరిగినా మొత్తము మరణములు కూడా తగ్గినవి. దారినీ, బండినీ, చట్టమునూ మార్చినందువల్ల అది సాధ్యమైనది.

నిజమైన కారణములు

యాదృచ్ఛికమును తీసివేసిన తరువాత మిగిలేవే నిజమైన కారణములు. వాటిలో మొదటిది వేగము. డ్రైవరు అపాయమును చూచి బ్రేకు తొక్కడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగములో ఆలోపల బండి 25 మీటర్లు పోతుంది. బ్రేకు పట్టిన తరువాత పొడి రోడ్డుమీద ఇంకొక 23 మీటర్లు. మొత్తము 48. వేగము 90 అయితే మొదటిది 37, రెండవది 52. మొత్తము దాదాపు 90 మీటర్లు. వేగము ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరము దాదాపు రెండింతలన్నమాట. వంచిన హెడ్‌లైటు వెలుగులో నల్లని వస్తువు సుమారు 50, 60 మీటర్ల లోపలనే కనబడుతుంది. కనుక చీకటి దారిలో పడిఉన్న మోటారుసైకిలును 90 వేగముతో వచ్చేవాడు చూచేసరికే సమయము మించిపోతుంది. స్వీడను దేశపు నీల్సన్ లెక్క ప్రకారము సగటు వేగము నూటికి 5 వంతులు పెరిగితే మరణ ప్రమాదములు నూటికి 20 వంతులకు పైగా పెరుగుతవి.

రెండవది, భిన్నవేగముల బండ్లు ఒకే దారిలో కలియడము. దేశములోని రోడ్ల మొత్తము పొడవులో జాతీయ రహదారులు నూటికి సుమారు 2 పాళ్ళే. కాని 2022లో మరణములలో 36 పాళ్ళు వాటిమీదనే జరిగినవి. ఊరి దగ్గర ఆ దారిని లారీ, బస్సు, ట్రాక్టరు, ఆటో, సైకిలు, గొర్రెలమంద, బడికి పోయే పిల్లవాడు అందరూ పంచుకొంటారు. చేను దగ్గర ఉలవకట్టె, జొన్నకంకులు నూర్చడానికి రోడ్డుమీద పరచే అలవాటు సీమలో ఉన్నది. ద్విచక్రవాహనములు వాటిమీద సులభముగా జారుతవి.

మూడవది తొలకరి. నెలల తరబడి వాన లేని నేలలో రోడ్డుమీద దుమ్ము, నూనె, టైరుల పొడి పేరుకొంటవి. మొదటి జల్లు పడగానే అవి కలిసి పల్చని జారుడుపొర అవుతుంది. గట్టివాన దానిని కడిగివేసేవరకు దారి మోసకరము.

నాలుగవది తల. 2022లో దేశములో రోడ్డుమీద మరణించినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనముల మీదివారు. హెల్మెట్ మరణభయమును సుమారు నూటికి 42 వంతులు, తలగాయమును 69 వంతులు తగ్గిస్తుందని అనేక పరిశోధనలను కలిపి చూచిన లెక్క. ఈ మరణములు ఒక్కొక్కటిగా జరుగుతవి. బస్సు మంటలవలె పత్రికల మొదటి పుటకు రావు. కాని ఏడాది చివర కూడితే ఊరికి ఎక్కువ నష్టము తెచ్చేవి అవే.

పాఠశాలలో చేయదగిన పని

ఈ విషయమును పుస్తకములో చదివి వదిలివేయనక్కరలేదు. పత్రికలలో వచ్చిన వార్తలనుబట్టి తమ ఊరి చుట్టు ప్రమాదములను విద్యార్థులు ఒక పటముమీద చుక్కలుగా గుర్తించవచ్చు. పేర్లు అవసరము లేదు. తేదీ, వేళ, చోటు, ఏ బండ్లు అనేవి చాలును. ఒక చుక్క ఒక ప్రమాదము, ఎందరు మరణించినా సరే. మూడు సంవత్సరముల చుక్కలు పడేవరకు ఏ తీర్మానమూ చేయకూడదు. ఆ తరువాత 500 మీటర్ల లోపల అయిదు చుక్కలు గుమిగూడిన చోట సాయంకాలము నిలబడి చూడవలె: మలుపా, దీపము లేదా, దారి అడ్డము దాటే చోటా, బస్సు నిలిచే చోటా? ఆ పటమును పంచాయతీకి గాని పోలీసువారికి గాని ఉపాధ్యాయుని ద్వారా ఇస్తే అది ఉపయోగపడే అర్జీ అవుతుంది.

ఘోర ప్రమాదము జరిగిన వారము అందరూ దారిని గూర్చి మాట్లాడుతారు. మిగిలిన 51 వారములు చుక్కలు పెట్టేవాడు ఒకడు ఉంటే, తరువాత చుక్క ఎక్కడ పడబోతుందో ముందే తెలుసుకొని దానిని ఆపే అవకాశము ఆ ఊరికి ఉంటుంది.