బ్యాక్ అండ్ ఫోర్త్: ఒక రాకపోకల మాట

రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. నేను బ్రాంచిలో కొత్తగా చేరిన రోజుల్లో, ప్రేమ్ బజార్‌లో ఉండే అలాంటి ఒక రిటైర్డ్ ఉద్యోగి తన పెన్షన్ ఖాతాను సొంత ఊరికి మార్చమని ఇంగ్లీషులో అర్జీ ఇచ్చారు. అందులో ‘ఐ హావ్ బీన్ గోయింగ్ బ్యాక్ అండ్ ఫోర్త్’ అని ఒక వాక్యం. మార్చుకోవాలా వద్దా అని ఇంకా ఊగిసలాడుతున్నారు కాబోలు, ఆయనే తేల్చి చెబుతారులే అని కాగితం పక్కన పెట్టాను. పది రోజులకు ఆయనే వచ్చి, “బాబూ, ఇది నాలుగోసారి రావడం” అన్నారు. ఆయన రాసింది తన తిరుగుడు గురించి. నేను చదివింది తటపటాయింపు.

తప్పు నాదే. అయితే ఆ మాటకు నిజంగానే మూడు వాడుకలున్నాయి.

మొదటిది, పదే పదే వెళ్ళి రావడం. యార్డులో షంటింగ్ ఇంజన్ పెట్టెలను లాగుతూ, నెడుతూ అటూ ఇటూ తిరిగేది ఇలాగే. రెండోది, నిర్ణయం తేలక మనసు ఊగిసలాడటం. ‘గోయింగ్ బ్యాక్ అండ్ ఫోర్త్ ఆన్ ది లోన్’ అన్నట్టు, వెనక ‘ఆన్’ చేరితే సాధారణంగా ఈ అర్థమే. మూడోది నామవాచకం. ఇద్దరి మధ్య నడిచే మాటలు, ఉత్తరాలు. అప్పుడు మూడు మాటల మధ్య హైఫన్లు పెడతారు.

పిల్లలకు ఒక హెచ్చరిక: ఇక్కడి ‘ఫోర్త్’ అంటే నాలుగోది కాదు, ‘ముందుకు’ అని. స్పెల్లింగులో ‘యు’ ఉండదు.

ముందుకు వెళ్ళకుండా వెనక్కి ఎలా వస్తారని మా అమ్మాయి అడిగింది. మన ‘రాకపోకలు’లోనూ రాకే ముందు కదా! హిందీ ‘ఆనా-జానా’, ఇక్కడి బెంగాలీ ‘ఆషా-జావా’ కూడా అంతే. ఇంగ్లీషులోని మరో జంట ‘టు అండ్ ఫ్రో’లో మాత్రం పోకే ముందు. ‘ఫ్రో’ అంటే ‘ఫ్రమ్’ అనే.

ఆ పెద్దాయన పని ఆ రోజే మొదలుపెట్టాను. అప్పటి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. నేను ఉత్తరం రాస్తే ‘బ్యాక్ అండ్ ఫోర్త్’ అనకుండా, ఏ తేదీల్లో వచ్చానో రాస్తాను. ఎవరి అర్జీలోనైనా ఆ మాట కనిపిస్తే, అర్థం ఊహించుకోకుండా ఫోన్ చేసి అడుగుతాను. ఒక్క ఫోనుతో ఒక పెద్దమనిషికి ఒక తిరుగుడు తప్పుతుంది.