లాస్ ఏంజెలెస్‌లో కారు నివాసం

కారు నివాసం అనగా గది అద్దెకు తీసుకోకుండా కారులోనే రాత్రి గడపడం. అమెరికాలో పసిఫిక్ తీరాన ఉన్న లాస్ ఏంజెలెస్ నగరంలో కొందరు యాత్రికులు ఖర్చు తగ్గించుకొనుటకు, ఇల్లు లేని అనేకులు గత్యంతరం లేక ఈ విధంగా ఉంటారు.

'''దర్శనీయ స్థలాలు'''

1935లో ప్రారంభమైన గ్రిఫిత్ వేధశాల భవనంలోనికి, 1997లో ప్రారంభమైన గెట్టి సెంటర్ కళా ప్రదర్శనశాలకు ప్రవేశం ఉచితం. గెట్టి సెంటర్‌లో కారు నిలుపుటకు రుసుము కలదు. వెనిస్ సముద్రతీరం అందరికీ ఉచితమే.

'''చట్టం'''

నగరపాలక సంస్థ 1983లో వీధులలో వాహనాన్ని నివాసంగా వాడుటను నిషేధించింది. 2010లో వెనిస్ ప్రాంతంలో పోలీసులు దీనిని కఠినంగా అమలు చేయగా, కారులలో ఉంటున్న పేదలు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2014 జూన్‌లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. కారులో తినుట, పడక సామగ్రి ఉంచుకొనుట నేరమో కాదో చట్టంలో స్పష్టత లేదనీ, దానివలన పోలీసులు పేదలనే ఎంచి శిక్షించే వీలున్నదనీ తీర్పు సారాంశం. విహారయాత్రికుని కారులోనూ అవే వస్తువులు ఉంటాయి.

2017లో అమలులోకి వచ్చిన తాత్కాలిక నిబంధన, ఇండ్లు ఉన్న వీధులలో రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు కారు నివాసాన్ని నిషేధించింది. కారు నిలుపు నియమాలు వీధి వీధికీ మారుతాయి కనుక అక్కడి సూచిక బోర్డులు చదవడం అవసరం.